గాజులో నీరు

తెలుగులో గాజు అంటే రెండు. కిటికీకి వేసేదీ గాజే, ఆడదాని చేతికి వేసేదీ గాజే. పదార్థానికీ ఆభరణానికీ ఒకే మాట. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ మాట గురించి ఎన్నోసార్లు ఆలోచించి ఉండాల్సింది. కానీ నిజంగా ఆలోచించింది రెండేళ్ళ కిందటే. అదీ ఒక సైన్సు పాఠం పుణ్యమా అని.

దానికంటే ముందు మా ఊరి బావి దగ్గర జరిగింది చెప్పాలి.

మాది మొగుడంపల్లి. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా జహీరాబాద్ మండలంలో ఒక ఊరు. హాస్టల్లో ఊరి పేరు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వేవారు. "మీ ఊళ్ళో అందరూ మొగుళ్ళేనా?" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. 2018 ఎండాకాలంలో నాన్న పోయిన పదోనాడు మాత్రం ఆ పేరు నాకు నవ్వు తెప్పించలేదు.

పదో దినం పొద్దున అమ్మను మా చేను బావి దగ్గరకు తీసుకుపోయారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, చేతినిండా ఆకుపచ్చ గాజులు వేశారు. తీసెయ్యడానికే ఇవన్నీ. మా మేనత్త అమ్మ చేతిని రాతిమీద పెట్టి ఇంకో రాయితో కొట్టింది. మేనత్త గాజులు ఆమెకు ఇరవై రెండేళ్ళప్పుడే పగలగొట్టారు. ఈ పని చెయ్యడానికి ఊళ్ళో ఆమెనే పిలుస్తారు. ఒక గాజు ఎంతకీ పగల్లేదు. మూడోసారి కొట్టినప్పుడు పగిలి ముక్క మణికట్టులో గుచ్చుకుంది. రక్తం కారింది. "నీళ్ళు పొయ్యవే" అని మేనత్త అరిచింది. చెంబు నా చేతిలో ఉంది. నేను నీళ్ళు పోశాను.

అప్పటికి నాకు డాక్టరేట్ వచ్చి ఏడాది. నా సిద్ధాంతగ్రంథం తొలితరం తెలుగు సాహిత్యంలో వితంతు పాత్రల మీద. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం మీద పదిహేను పేజీలు రాశాను. 'కన్యాశుల్కం'లో మీనాక్షికీ బుచ్చమ్మకూ గురజాడ ఇచ్చిన గొంతులు ఎక్కడ విడిపోతాయో ఒక అధ్యాయం రాశాను. సంస్కరణ సాహిత్యం పట్టించుకున్నది శిరోముండనం జరిగే కులాల ఆడవాళ్ళనేననీ, మారుమనువు ఆచారం ఉన్న శ్రామిక కులాల్లో కూడా బొట్టూ గాజులూ తీసే తంతు ఉందనీ, దాన్ని ఆ సాహిత్యం చూడలేదనీ వాదించాను. మౌఖిక పరీక్షలో ఆ వాదనకు మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి. అంత రాసినదాన్ని బావి దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. చెంబు పట్టుకుని నిలబడ్డాను.

ఎందుకు మాట్లాడలేదు? అమ్మ దుఃఖంలో ఉంది, ఆ సమయంలో గొడవెందుకు అనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం భయం. "చదువుకుని తలకెక్కింది" అంటారని. మేనత్త బాధపడుతుందని. ఆమె విషయంలో జరిగింది తప్పని నేను చెప్తే, నలభై ఏళ్ళుగా దాన్ని మోస్తున్న ఆమెకు ఏం మిగులుతుంది?

రెండేళ్ళ కిందట నా హాస్టల్ స్నేహితురాలు ఒక పని అప్పజెప్పింది. ఆమె గాజుల మీద పరిశోధన చేసింది. ఆమె చదివిన గాజులు చేతివి కావు, ప్రయోగశాలవి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి డిగ్రీలో ఇంగ్లీషు పాఠాలతో ఇబ్బంది పడే పిల్లల కోసం కొన్ని పాఠాలు తెలుగులో తయారుచేస్తోంది. "ఆక్సైడ్ గాజుల్లో, వాటి ద్రవాల్లో నీరు ఏం చేస్తుంది" అన్న పాఠానికి నన్ను తెలుగు సరిచూడమంది. "సైన్సు నాకు తెలియదు కదా" అంటే, "నీకు అర్థమయ్యేదాకా నేను చెప్తా. నీకు అర్థమైతే పిల్లలకూ అర్థమవుతుంది" అంది. అలా మూడు నెలలు రోజూ రాత్రి ఫోన్లో పాఠం నడిచింది.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. గాజుకు మూలం ఇసుక, అంటే సిలికా. ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటాయి. ఒక్కో ఆక్సిజన్ రెండు సిలికాన్లను కలుపుతూ వారధిలా నిలుస్తుంది. ఈ అల్లిక వరుస తప్పకుండా సాగితే స్ఫటికం. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురి దాకా పద్ధతిగా ఉండి, దూరం పోయేకొద్దీ వరుస లేకపోతే గాజు. 1932లో జకారియాసెన్ అనే శాస్త్రవేత్త గాజును ఇలా క్రమం లేని అల్లికగా ఊహించాడు. ఇప్పటికీ పాఠాలు అక్కడే మొదలవుతాయి.

వట్టి ఇసుకను కరిగించాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అందుకే సోడా కలుపుతారు. సోడాలోని సోడియం కొన్ని వారధులను తెంపుతుంది, దాంతో అల్లిక తక్కువ వేడికే జారుతుంది. సోడా మాత్రమే కలిపితే వచ్చే గాజు నీళ్ళలో కరిగిపోతుంది. దాన్ని నీటిగాజు అనే అంటారు. కరగకుండా నిలవడానికి సున్నం కూడా కలపాలి. చేతి గాజులకూ కిటికీ అద్దాలకూ మూలసూత్రం ఇదే. ఇసుక, సోడా, సున్నం.

ఈ లెక్కలో నీరు ఎక్కడిది? అది నేనడిగిన మొదటి ప్రశ్న. నీరు అన్నిచోట్లా ఉందంది నా స్నేహితురాలు. కొలిమిలోని గాలి నుంచి, ముడిసరుకులోని తేమ నుంచి మామూలు గాజులోకి కూడా శాతంలో నూరో వంతుల లెక్కన నీరు చేరుతుంది. మనం చూసే తడిలా కాదు. నీటి అణువు ఒక వారధి దగ్గరకు వచ్చి, ఆ వారధిని విప్పి, తానూ విడిపోతుంది. ఒక సిలికాన్ - ఆక్సిజన్ - సిలికాన్ వారధి ఉన్నచోట రెండు హైడ్రాక్సిల్ కొసలు మిగులుతాయి. ఆ తర్వాత అక్కడ వారధీ లేదు, నీరూ లేదు. రెండూ మారిపోయాయి.

భూమి లోపల ఒత్తిడి ఎక్కువ. అక్కడ కరిగిన రాతిలో నీరు నాలుగైదు శాతం దాకా కూడా ఇముడుతుంది. మొదట చేరే నీరు దాదాపు అంతా వారధులు తెంపి హైడ్రాక్సిల్‌గా మారుతుంది. నీరు పెరిగేకొద్దీ విడిపోకుండా అణువులుగానే అల్లిక సందుల్లో నిలిచే వాటా పెరుగుతుంది. సిలికా ఎక్కువగా ఉన్న అగ్నిపర్వత గాజుల్లో మొత్తం నీరు సుమారు మూడు శాతం దాటాక ఈ రెండోరకం నీరే ఎక్కువవుతుంది. 1982లో స్టోల్పర్ అనే భూవిజ్ఞాని ఈ రెండు రకాల లెక్కను వివరించాడు. అలాంటి లావా 800 డిగ్రీల దగ్గర నీరు లేకుండా ఉంటే దాదాపు గడ్డే. బరువులో ఒక శాతం నీరు చేరితే వెయ్యి రెట్లకు పైనే పలచబడుతుంది. మూడు శాతం చేరితే లక్ష రెట్లకు పైన.

ఒక శాతం నీటితో వెయ్యి రెట్లా? నమ్మలేక కాగితం మీద లెక్క వేయించుకున్నాను. నీటి అణువు తేలిక. బరువులో ఒక శాతమంటే అణువుల సంఖ్యలో మూడు శాతానికి పైనే. అదంతా వారధులు తెంపడానికే పోయిందనుకున్నా, వట్టి సిలికా అల్లికలో నూటికి రెండు వారధులు కూడా తెగవు. తొంభై ఎనిమిది అలాగే ఉంటాయి. అయినా ఆ మేరకే అల్లిక కదలిక మారిపోతుంది. తెగిన కొసల దగ్గర అణువులు సర్దుకోగలుగుతాయి, ఆ సర్దుబాటు పక్కవాటికి దారిస్తుంది. మొదటి శాతం తెచ్చే మార్పు ఆ తర్వాతి శాతాలు తేలేవు.

నేను రాసిన మొదటి ప్రతిలో "నీరు గాజును బలహీనపరుస్తుంది" అన్న వాక్యం ఉంది. ఆమె దాన్ని కొట్టేసింది. "బలహీనమని ఎవరు చెప్పారు నీకు? ద్రవం పారడం బలహీనతా? మార్చింది అని రాయి" అంది. నాకు సిగ్గేసింది. పదిహేనేళ్ళుగా విశేషణాల రాజకీయాల గురించి క్లాసుల్లో చెప్తున్నదాన్ని నేను.

ఈ పాఠం చదువుతూ ఒక సెలవుకు మా ఊరు పోయాను. మా చేన్లు సగం ఎర్రనేల, సగం నల్లరేగడి. చిన్నప్పటినుంచీ చూసిందే. ఆ రెండు రంగుల వెనక ఒకే రాయి ఉందని అప్పుడే తెలిసింది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట దక్కను పీఠభూమి మీద లావా పొరలు పొరలుగా పరుచుకుంది. ఆ ప్రవాహాలు అటు రాజమండ్రి దాకా చేరాయని భూవిజ్ఞానుల అభిప్రాయం. అంత దూరం ఎలా పారింది? నీటి బలంతో కాదట. ఆ లావాలో సిలికా సగమే. ఇనుము, మెగ్నీషియం, కాల్షియం ఎక్కువ. అవి ముందే వారధులను తెంపి ఉంచాయి. దానికితోడు 1100 డిగ్రీలు దాటిన వేడి. నీటి పని తర్వాత మొదలైంది, రాయి చల్లారి గట్టిపడ్డాక. వానలు యుగాలపాటు ఆ రాతిలోని సిలికానూ కాల్షియాన్నీ కడిగి తీసుకుపోతే ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి ఎర్రనేల అయింది. కడగడం అంతదాకా పోనిచోట నల్లరేగడి అయింది. మా జొన్నలూ కందులూ, జహీరాబాద్ ఆలుగడ్డా అల్లమూ, పస్తాపూర్ చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కాపాడుకొచ్చిన విత్తనాలూ అన్నీ ఆ నేలలోవే.

మా జిల్లాలోనే కొండాపూర్ ఉంది. శాతవాహనుల కాలపు పట్టణం. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే మట్టిబొమ్మలూ నాణేలతోపాటు గాజు పూసలు కూడా దొరికాయి. అక్కడి మ్యూజియానికి డిగ్రీలో ఉన్నప్పుడు పోయాను, ఇప్పుడు మళ్ళీ పోయాను. భూమిలో శతాబ్దాలున్న గాజు మెరుపు ఎందుకు పోగొట్టుకుంటుందో ఇప్పుడు తెలుసు. మట్టిలోని తడి గాజులోని సోడియాన్ని కొద్దికొద్దిగా బయటికి లాగి, దాని చోట్లో తాను చేరుతుంది. పైన పలచటి పొర మసకబారుతుంది. ఆ పూసలను మెడలో వేసుకున్న ఆడవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు పేర్లు. గాజు శాస్త్రం చరిత్రలో ఆడవాళ్ళెవరూ లేరా అని నా స్నేహితురాల్ని అడిగాను. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ కాథరిన్ బ్లాడ్జెట్. ఆ సంవత్సరం 1926. వెలుతురును తిరగ్గొట్టని గాజును ఆమె 1938లో తయారుచేసింది. జర్మనీలో షాట్ కంపెనీలో సహాయకురాలిగా చేరిన మార్గా ఫాల్‌స్టిచ్ కళ్ళద్దాలకు తేలికైన గాజుతో సహా ఎన్నో గాజులను తయారుచేసింది. సుమారు 40 పేటెంట్లు ఆమె పేరు మీదున్నాయి. వీళ్ళ పేర్లు నా స్నేహితురాలికి ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదట. ఉద్యోగంలో చేరాక తనే వెతుక్కుని తెలుసుకుంది.

పాఠంలో చివరి భాగం గాజు పగలడం గురించి. అది వచ్చేదాకా నేను ఎదురుచూస్తూనే ఉన్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

గాజు పెళుసుదనం దాని అల్లికలో లేదని 1920ల మొదట్లోనే గ్రిఫిత్ అనే ఇంజనీరు చూపించాడు. అప్పుడే తీసిన సన్నని గాజుదారం లాగితే ఆశ్చర్యపోయేంత బలంగా ఉంటుంది. మనం వాడే గాజు పెళుసుగా ఉండటానికి కారణం దాని మీద పడిన కంటికి కనిపించని గీతలు. ఒత్తిడంతా ఆ గీత కొన దగ్గర పోగవుతుంది. నీరు అక్కడికే చేరుతుంది. సాగి బిగుసుకుని ఉన్న వారధి మీద నీటి అణువు వాలితే ఆ వారధి మామూలు కంటే తేలిగ్గా విడిపోతుంది. తర్వాత ఇంకొకటి. 1982లో మిచాల్‌స్కీ, ఫ్రీమన్ ఈ క్రమాన్ని అణువుల స్థాయిలో వివరించారు.

ఇది విన్న రాత్రి నేనడిగాను. బావి సంగతి ఆమెకు అంతకుముందు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. "ఆ చెంబు నీళ్ళు నేను పోశాను. ముందు కూడా, స్నానం చేయించినప్పుడు, ఆమె చేతుల మీద నీళ్ళు పోసింది నేనే. గాజులు పగలడంలో ఆ నీళ్ళకు పాత్ర ఉందా?"

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలా మామూలుగా, పాఠం చెప్పినట్టే చెప్పింది. "లేదు. రాయితో కొట్టినప్పుడు పగులు పరిగెత్తే వేగం నీరు అందుకోలేనిది. దెబ్బకు నీటి సాయం అక్కర్లేదు. నీరు పనిచేసేది నెమ్మదిగా. గాజు మీద బరువు పెట్టి వదిలేస్తే, పగలగొట్టేంత బరువు కాదు, తక్కువ బరువే, కానీ తీయకుండా రోజులూ ఏళ్ళూ ఉంచితే, గాలిలో తేమ చాలు. గీత మెల్లగా లోపలికి పోతుంది. ఒకరోజు ఎవరూ కొట్టకుండానే పగులుతుంది. అందరూ అప్పుడే పగిలిందనుకుంటారు."

ఆ తర్వాత ఒక హెచ్చరిక కూడా చేసింది. "నువ్వు దీన్ని వెంటనే మీ అమ్మ కథ చేస్తావని నాకు తెలుసు. గాజుకు బాధ ఉండదు. మీ అమ్మకు ఉంటుంది. గాజు పగిలితే ఎవరి తప్పూ కాదు. ఇక్కడ అలా కాదు."

ఆమె చెప్పింది నిజం. మేం సాహిత్యంవాళ్ళం దేన్నైనా ప్రతీక చేసుకుని ఊరట పొందుతాం. ప్రతీకలో చెంబు ఎవరి చేతిలో ఉందో కనపడదు. అందుకని ప్రతీకను పక్కనపెట్టి ఆ ఒక్క సమాధానమే తీసుకున్నాను. నేను పదోనాటి దెబ్బ గురించే కుమిలిపోతూ వచ్చాను. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు అమ్మ మీద ఉన్న బరువు గురించి ఎప్పుడూ అడగలేదు. నా సిద్ధాంతగ్రంథం కూడా వితంతువుల గురించే. భార్యల గురించి కాదు. మీనాక్షి విధవ కాకపోయుంటే లుబ్ధావధానుల కూతురిగా, ఎవరి భార్యగానో ఏం బతికేది అన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

ఆ సెలవులోనే అమ్మను అడిగాను. "అమ్మా, బావికాడ ఆ రోజు నీకేమనిపించింది?"

అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు. "ఏమనిపిస్తది బిడ్డా. గాజులు పోయినయని ఏడ్వలే నేను. మీ నాయన ఉన్నప్పుడు గాజు చిట్లితె గూడ భయమే ఉండె. చిట్లితె ఎందుకు చిట్లిందని అడుగుతడు. పగిలిందని గూడ అనొద్దు నేను. అన్నన్నేండ్లు చెయ్యి జూసుకుంటనే బతికిన. ఆనాడు పోయినంక ఒక తీర్గ చెయ్యి అల్కగైంది. గది ఎవ్వరితోటి అనలే. అంటె ఏమనుకుంటరు?"

నేను ఏమంటాననుకున్నానో గుర్తులేదు. అమ్మ గాజులు వేసుకోవాలి, మేం మళ్ళీ వేయిస్తాం అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమెకు గాజులు కావాలని నేను ఎలా నిశ్చయించేశాను? తీయడమూ వేయడమూ రెండూ ఎవరో చేసే పనులే అయితే తేడా ఏముంది?

2022 మే నెలలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ ఒక తీర్మానం చేసింది. భర్త చనిపోయిన స్త్రీ గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం, తాళి తీయడం తమ ఊళ్ళో ఇక ఉండకూడదని. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలను కూడా ఆ దారిలో నడవమంది. ఆ వార్త కత్తిరించి నా పుస్తకంలో పెట్టుకున్నాను. ఒక పంచాయతీ నూటికి ఎన్ని వారధులు విప్పగలదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ మొదటి శాతం సంగతి గుర్తొచ్చి ఊరుకుంటాను.

కిందటేడు మా చిన్నమ్మ భర్త పోయాడు. పదోనాడు మళ్ళీ అదే బావి. ఈసారి ఇంట్లో ఉండగానే నోరు విప్పాను. పగలగొట్టొద్దని చెప్పాను. హేర్వాడ్ కాగితం చూపించాను. పెద్దమనుషులు ఆ కాగితం ముట్టుకోలేదు. "నువ్వు నీ పట్నంల చేసుకో" అన్నాడు మా పెదనాన్న. మేనత్త నావైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపముందో ఇంకేదైనా ఉందో చెప్పలేను. అమ్మ ఏమీ మాట్లాడలేదు గానీ వచ్చి నా పక్కన నిలబడింది.

బావి దగ్గర మేనత్త రాయి తీసుకోబోతే చిన్నమ్మే అంది. "కొట్టకు అక్కా. నేనే తీసుకుంట."

ఎవరూ ఏమీ అనలేకపోయారు. అమ్మ సబ్బు అందించింది. నీళ్ళు మళ్ళీ నేనే పోశాను. చిన్నమ్మ చేతులకు సబ్బు నురుగు రాసుకుని, వేళ్ళు దగ్గరకు ముడిచి, ఒక్కో గాజూ తీసింది. రెండు చేతులవీ కలిపి ఇరవై నాలుగు. ఒక్కటీ చిట్లలేదు. మేనత్త రాయి పక్కన పెట్టి, కొంగు పరిచి అవన్నీ అందులో పోసుకుంది. ఇంటికొచ్చాక కడిగి, తుడిచి, చిన్నమ్మ డబ్బాలో పెట్టింది.

చిన్నమ్మ వాటిని మళ్ళీ వేసుకోలేదు. పారెయ్యనూ లేదు. మొన్న ఫోన్లో అడిగితే, "ఉన్నయి తియ్యి, యాడికి పోతయి" అంది.